పొలం అమ్మేముందు ఒక కాగితం రాద్దాం

(పిల్లల విదేశీ చదువుల ఖర్చులు, అప్పులు అనే అంశంపై డిసెంబరులో జరిగిన మండల రైతు సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



వడ్ల కాంటాలు ఇంకా పూర్తి కాలేదు. అయినా పని ఆపుకొని ఇంతమంది వచ్చారు, సంతోషం. ఈరోజు ఎజెండాలో మద్దతు ధర ఉంది, యూరియా ఉంది, కౌలు రైతుల గుర్తింపు కార్డులు ఉన్నాయి. వాటి నడుమ ‘పిల్లల విదేశీ చదువులు’ అనే అంశం ఎందుకు పెట్టారని పొద్దున టీ దగ్గర కొందరు అడిగారు. రైతు సంఘానికి అమెరికాతో ఏం పని అన్నారు. అడగాల్సిన ప్రశ్నే.

మన ఊళ్లలో పొలాలు ఎందుకు చేతులు మారుతున్నాయో ఒకసారి గుర్తు చేసుకోండి. పెళ్లిళ్లకు అమ్మాం. ఆస్పత్రులకు అమ్మాం. ఎండిపోయిన బోర్ల అప్పులకు అమ్మాం. ఇప్పుడు ఆ వరుసలో పిల్లల చదువు చేరింది. పెళ్లి ఖర్చు గురించి మాట్లాడిన సంఘం, ఆస్పత్రి అప్పుల గురించి మాట్లాడిన సంఘం దీని గురించి ఎందుకు మాట్లాడకూడదు?

మన పిల్లలు విదేశాలకు పోవద్దని చెప్పడానికి మేం ఇక్కడ నిలబడలేదు. రైతు బిడ్డ ఊళ్లోనే ఉండాలి, దొరబిడ్డ మాత్రం అమెరికా పోవాలి అనే మాట మన నోట రాకూడదు. 2024-25 విద్యా సంవత్సరంలో అమెరికాలో ఉన్న భారతీయ విద్యార్థులు 3,63,019 మంది. ఏ దేశం నుంచీ అంతమంది లేరు. వాళ్లలో మన తెలుగు పిల్లలు ఎంత పెద్ద పాలో, చిలుకూరు బాలాజీ గుడి చుట్టూ ప్రదక్షిణలు చేసేవాళ్లను చూస్తే తెలుస్తుంది. పోయేవాళ్లు పోతారు. మనం మాట్లాడాల్సింది డబ్బు ఎక్కడి నుంచి తేవాలి, ఎంత తేవాలి, ఎక్కడ ఆగాలి అనే దాని గురించి.

ఒక ఇంటి సంగతి

మన సంఘ సభ్యుడు ఒకాయన, నాలుగెకరాల రైతు. పేరు చెప్పం. కొడుకు ఇంజనీరింగ్ పూర్తి చేశాడు. హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీకి పోతే 35 లక్షలు ఉంటే చాలు, మిగతాది పిల్లవాడే సంపాదించుకుంటాడు అన్నారు. ఎకరంన్నర అమ్మితే 24 లక్షలు వచ్చాయి. మిగతాదాంట్లో పది లక్షలు ఎరువుల వ్యాపారి దగ్గర రెండు రూపాయల వడ్డీకి తెచ్చారు. రెండో ఏడు ఫీజు పెరిగింది, డాలరు పెరిగింది. మళ్లీ ఎనిమిది లక్షలు తెచ్చారు. చదువు అయిపోయింది. ఉద్యోగం ఎనిమిది నెలల దాకా రాలేదు. పద్దెనిమిది లక్షల మీద రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 36 వేలు. మిగిలిన రెండున్నర ఎకరాల మీద అగ్రిమెంటు రాయమని వ్యాపారి కూర్చున్నప్పుడు ఆయన సంఘం ఆఫీసుకు వచ్చారు.

ఆ ఇంట్లో ఎవరూ తప్పు చేయలేదు. తండ్రికి తాగుడు లేదు, పేకాట లేదు. కొడుకు ఒక్క సబ్జెక్టూ తప్పలేదు. పెద్దమనుషులను కూర్చోబెట్టి వడ్డీ ఆపించి, వాయిదాలు పెట్టించాం. ఆ రెండున్నర ఎకరాలు నిలిచాయి. అమ్మిన ఎకరంన్నర తిరిగి రాలేదు.

ఆయన మన ప్రతి మీటింగుకూ వచ్చిన మనిషి. వచ్చిన ప్రతిసారీ పంట రుణం రెన్యువల్ అయిందా అని అడిగాం, యూరియా దొరికిందా అని అడిగాం. పిల్లవాడి చదువుకు డబ్బు ఎక్కడిది అని ఒక్కసారీ అడగలేదు. అది వాళ్ల ఇంటి విషయం అనుకున్నాం. అందులో మన సంఘం లోపం ఉంది. అందుకే ఈ అంశం ఎజెండాలోకి వచ్చింది.

వరి మిగులుతో కొలిస్తే

లక్షలు, డాలర్లు అంటే మనకు లోతు తెలియదు. మనకు తెలిసిన కొలతతో చూద్దాం.

2025-26కు సాధారణ రకం వడ్లకు మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. సాగు ఖర్చు, కుటుంబ శ్రమ కలిపి ప్రభుత్వం వేసిన లెక్క 1,579. మనకు అయ్యే ఖర్చు అంతకన్నా ఎక్కువని మనం ఎప్పుడూ చెప్తూనే ఉన్నాం. అయినా ప్రభుత్వం లెక్కనే తీసుకుందాం. క్వింటాలుకు మిగిలేది 790. ఎకరానికి 25 క్వింటాళ్లు పండి, తరుగు పేరుతో ఎవరూ కోయకుండా మొత్తం మద్దతు ధరకే అమ్ముడైతే, ఎకరానికి మిగులు 19,750 రూపాయలు. కౌలు కట్టేవాళ్లకు అదీ ఉండదు.

ఇప్పుడు అప్పు చూడండి. 30 లక్షల విద్యారుణం, 11 శాతం వడ్డీ అనుకుందాం. చదువు రెండేళ్లు, ఆ తర్వాత ఆరు నెలలు కట్టకుండా ఉంటే, సాధారణ వడ్డీ లెక్కన కూడా 8 లక్షల 25 వేలు కలుస్తుంది. సెమిస్టర్‌కు కొంత చొప్పున తీసుకుంటే ఇందులో కొంత తగ్గుతుంది. మొత్తం 38 లక్షల 25 వేలను పదేళ్లలో తీర్చాలంటే నెల వాయిదా సుమారు 52,700 రూపాయలు. ఏడాదికి 6 లక్షల 32 వేలు.

పిల్లవాడికి ఏడాది పాటు ఉద్యోగం రాకపోతే ఆ వాయిదా ఎవరు కట్టాలి? సహ రుణగ్రహీతగా సంతకం పెట్టిన తండ్రి. 6 లక్షల 32 వేలు అంటే ఒక పంటలో 32 ఎకరాల వరి మిగులు. మనలో 32 ఎకరాలు ఎవరికి ఉన్నాయి?

తిరగేసి చూడండి. నాలుగెకరాల్లో రెండు పంటలు పండితే ఏడాది మిగులు లక్షా 58 వేలు. నెలకు 13 వేల చిల్లర. బియ్యం, మందులు, కరెంటు బిల్లు ఏదీ తీయకుండా ఆ మొత్తం బ్యాంకుకే పోసినా, పదేళ్లలో తీర్చగలిగే అప్పు తొమ్మిదిన్నర లక్షలు. బ్యాంకు మీకు 40 లక్షలు ఇస్తానంటుంది. మీ పొలం మోయగలిగేది తొమ్మిదిన్నర. మిగతాదంతా ఇంకా రాని ఉద్యోగం మీద పెడుతున్న పందెం. పందెం కాయొద్దని మేం అనడం లేదు. ఎంత కాస్తున్నామో తెలిసి కాయాలి.

కాగితం మీద ఏం రాయాలి

కన్సల్టెన్సీ లెక్క వీసాతో మొదలవుతుంది. యూనివర్సిటీ పంపే ఐ-20 పత్రంలో సాధారణంగా ఒక్క ఏడాది ఖర్చే ఉంటుంది. ఆ ఏడాదికి సరిపడా డబ్బు చూపిస్తే వీసా వస్తుంది. పని అయిపోయిందని మనం ఊపిరి పీల్చుకుంటాం. రెండో ఏడు ఆ కాగితంలో లేదు. ఎక్కువ ఇళ్లు దెబ్బతినేది అక్కడే.

మన కాగితంలో ఆరు వరుసలు ఉండాలి.

మొదటిది, విమానం ఎక్కేలోపు ఖర్చు. పరీక్షల ఫీజులు, ఒక్కో యూనివర్సిటీకి దరఖాస్తు ఫీజు, సెవిస్ రుసుము 350 డాలర్లు, వీసా రుసుము 185 డాలర్లు. ఈ రెండు రుసుములే 48 వేల రూపాయలు. టికెట్టు, అక్కడ దిగగానే కట్టాల్సిన ఇంటి అడ్వాన్సు, చలి బట్టలు. దరఖాస్తు తిరస్కరించినా వీసా రుసుము తిరిగి రాదు.

రెండోది, మొత్తం కోర్సు ట్యూషన్ ఫీజు. ఒక సెమిస్టర్‌ది కాదు, మొత్తానిది.

మూడోది, అద్దె, తిండి, బస్సు, ఫోను. నెలల లెక్కన రాయండి. సెలవుల్లో కూడా అద్దె ఆగదు.

నాలుగోది, ఆరోగ్య బీమా. అమెరికాలో బీమా లేకుండా ఆస్పత్రి మెట్లెక్కితే ఆ బిల్లు ఇంకో అప్పు అవుతుంది.

అయిదోది, ఖాళీ నెలలు. చదువు ముగిశాక ఉద్యోగం వచ్చేదాకా తినాలి, అద్దె కట్టాలి. కనీసం ఆరు నెలలు రాయండి. ఈ వరుస ఏ కన్సల్టెన్సీ కాగితంలోనూ మాకు కనబడలేదు.

ఆరోది, రూపాయి పడిపోవడం. 2014లో డాలరు 61 రూపాయల దగ్గర ఉంది. 2025 డిసెంబరులో 90 దాటింది. ఫీజు డాలర్లలో, మన వడ్లు రూపాయల్లో. మొత్తం మీద పదో వంతు ఇందుకోసం పక్కన రాయండి.

ఉదాహరణకు ఒక మధ్యస్థ ఖర్చు యూనివర్సిటీ తీసుకుందాం. రెండేళ్ల ట్యూషన్ 36 వేల డాలర్లు, నెలకు వెయ్యి చొప్పున జీవన ఖర్చు 24 వేలు, బీమా 4 వేలు, ఖాళీ నెలలకు 6 వేలు. మొత్తం 70 వేల డాలర్లు. 90 రూపాయల లెక్కన 63 లక్షలు. ఇది లెక్క నేర్చుకోవడానికి చెప్పిన ఉదాహరణ. ఊరిని బట్టి, కోర్సును బట్టి తగ్గొచ్చు, పెరగొచ్చు. కానీ కన్సల్టెన్సీ చెప్పే 35 లక్షలకూ దీనికీ తేడా ఎక్కడుందో గమనించండి. పిల్లవాడు అక్కడ పనిచేసి సంపాదిస్తాడని వాళ్లు ముందే లెక్కలో కలుపుకుంటున్నారు.

లెక్కలో రాయకూడనివి

అమెరికాలో చదువుకునే పిల్లలు తరగతులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలు, అదీ క్యాంపస్‌లోనే పనిచేయొచ్చు. ఆ పని అందరికీ దొరకదు. పెట్రోలు బంకుల్లో, హోటళ్లలో చాటుగా చేసే పని చట్టవిరుద్ధం. పట్టుబడితే వీసా పోతుంది, చదువు సగంలో ఆగుతుంది, అప్పు మాత్రం పూర్తిగా ఉంటుంది. కాబట్టి ఆదాయం వరుసలో ఆ డబ్బు రాయొద్దు.

చదువు అయ్యాక ఓపీటీ కింద ఏడాది, సైన్సు, ఇంజనీరింగ్ కోర్సులైతే ఇంకో రెండేళ్లు ఉద్యోగం చేసుకునే వీలుంది. అయితే మొదటి ఏడాదిలో మొత్తం 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. ఆ తర్వాత హెచ్1బీ కావాలి. అందులో సాధారణ కోటా ఏటా 65 వేలు, అమెరికాలో పీజీ చేసినవాళ్లకు అదనంగా 20 వేలు. ప్రపంచమంతా దానికోసం లాటరీలో నిలబడుతుంది. 2025 సెప్టెంబరులో అక్కడి ప్రభుత్వం కొత్త హెచ్1బీ దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము ప్రకటించింది. అక్కడే చదివి అక్కడే వీసా మార్చుకునేవాళ్లకు ఇది వర్తించదని తర్వాత వివరణ ఇచ్చారు. రేపు ఏం ప్రకటిస్తారో తెలియదు. పదేళ్ల వాయిదాను మూడేళ్ల అనుమతి మీద ఆనించి కూర్చున్నామన్నది గుర్తుంచుకుంటే చాలు.

డబ్బు ఏ వరుసలో తేవాలి

మొదట తలుపు తట్టాల్సింది ప్రభుత్వాన్ని. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీలకు అంబేడ్కర్ పేరుతో, బీసీలకు జ్యోతిబా ఫూలే పేరుతో, మైనారిటీలకు ముఖ్యమంత్రి పథకం పేరుతో ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌లు ఉన్నాయి. 20 లక్షల దాకా ఇస్తారు. కుటుంబ ఆదాయం ఏడాదికి 5 లక్షల లోపు ఉండాలి. మనలో చాలామంది అర్హులే. ఒక్కటి గుర్తుంచుకోండి. డబ్బు రెండు విడతల్లో, పిల్లవాడు అక్కడికి చేరి కాగితాలు పంపాక మొదటిది, సెమిస్టర్ ఫలితాలు వచ్చాక రెండోది వస్తుంది. వస్తుందని మొదటి సెమిస్టర్ ఫీజుకు దాన్ని లెక్కేసుకుంటే దెబ్బతింటాం. రెండో ఏడు లెక్కలో రాసుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం మారినప్పుడల్లా ఈ పథకం పేరూ నిబంధనలూ మారుతూ వచ్చాయి. అక్కడి మన బంధువులు పాత కాగితం చూసి ఆశపడకుండా, ఈ ఏటి నోటిఫికేషన్ చూసుకోవాలి.

కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఇంకోటి. ట్యూషన్ ఫీజు, విమానం టికెట్టు, అమెరికాలోనైతే ఏటా 15,400 డాలర్ల జీవన భత్యం ఇస్తారు. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు, డిగ్రీలో 60 శాతం మార్కులు, ప్రపంచ ర్యాంకుల్లో మొదటి 500 లోపు యూనివర్సిటీ ఉండాలి. దేశం మొత్తానికి ఏటా 125 సీట్లు. 115 ఎస్సీలకు, 6 సంచార జాతులకు. భూమిలేని వ్యవసాయ కూలీలకు, చేతివృత్తులవాళ్లకు కలిపి 4. ఇంత పెద్ద దేశంలో కూలీల పిల్లలకూ చేతివృత్తులవాళ్ల పిల్లలకూ కలిపి నాలుగు సీట్లు! ఆ నాలుగు సీట్లున్నాయన్న సంగతైనా మన వ్యవసాయ కార్మిక సోదరుల్లో ఎంతమందికి తెలుసు?

రెండోది ప్రభుత్వ రంగ బ్యాంకు. 4 లక్షల దాకా హామీ అక్కర్లేదు. ఏడున్నర లక్షల దాకా మూడో మనిషి జామీను సరిపోతుంది. ఆపైన ఆస్తి తనఖా అడుగుతారు. విదేశీ చదువుకైతే 15 శాతం మన చేతి డబ్బు పెట్టుకోవాలి. చదువుకాలం, ఆపైన ఏడాది దాకా వాయిదా ఉండదు. ఆ కాలంలో సాధారణ వడ్డీయే పడుతుంది. తీర్చడానికి 15 ఏళ్ల దాకా గడువు ఉంటుంది. చాలా బ్యాంకులు ఆడపిల్లలకు అర శాతం తగ్గిస్తాయి. చదువుకాలంలోనే వడ్డీ కట్టేవాళ్లకు తగ్గించే బ్యాంకులూ ఉన్నాయి. అడగండి. అడగకుండా చెప్పరు.

ఇక్కడే మనకు చిక్కు. పొలాన్ని తనఖాగా తీసుకోవడానికి బ్యాంకులు సాధారణంగా ముందుకు రావు. సర్ఫేసీ చట్టంలో 31వ సెక్షన్ కింద వ్యవసాయ భూమికి మినహాయింపు ఉంది. కోర్టు లేకుండా నేరుగా జప్తు చేసే అధికారం బ్యాంకుకు పొలం మీద లేదు. ఆ మినహాయింపు మనకు రక్షణ. కానీ దాని వల్లే బ్యాంకులు ఇల్లు ఉందా, ప్లాటు ఉందా అంటాయి. తండ్రి ఐటీ రిటర్న్ చూపమంటాయి. వ్యవసాయ ఆదాయానికి పన్నే లేనప్పుడు రిటర్న్ ఎక్కడిది? పంట రుణం బకాయి పడి సిబిల్ స్కోరు దెబ్బతిన్నవాళ్లకు ఇంకో అడ్డం. ఇలా ఒక్కో తలుపూ మూసుకుపోయి, రైతు చివరికి రెండు రూపాయల వడ్డీ దగ్గర తేలుతున్నాడు. అందుకని పిల్లలు ఇంజనీరింగ్ మూడో ఏడులో ఉండగానే పంట రుణం సక్రమంగా రెన్యువల్ చేయించుకోండి, సిబిల్ చూసుకోండి. వీసా వచ్చాక చూసుకుంటే వ్యవధి ఉండదు.

ప్రైవేటు ఫైనాన్సు కంపెనీలు తనఖా లేకుండా ఇస్తామంటాయి. వడ్డీ ఎక్కువ. కొన్ని మొదటి నెల నుంచే కట్టమంటాయి. సంతకానికి ముందు మూడు అడగండి. వడ్డీ మారుతుందా, చదువుకాలంలో చక్రవడ్డీ పడుతుందా, ముందే తీరిస్తే జరిమానా ఉందా?

ఇంకో చిన్న లెక్క. బ్యాంకు విద్యారుణంతో ఫీజు పంపితే, 2025 ఏప్రిల్ నుంచి టీసీఎస్ పన్ను కోత లేదు. పొలం అమ్మిన సొంత డబ్బు ఏడాదిలో 10 లక్షలు దాటి పంపితే, 2025-26లో దాటిన దాని మీద 5 శాతం పట్టుకునేవాళ్లు. ఆ లెక్కన 25 లక్షలు పంపితే 75 వేలు అలా ఆగిపోయేవి. రిటర్న్ వేస్తే తిరిగొస్తాయి. రైతుకు ఆ సంగతి చెప్పేవాళ్లు లేక అక్కడే ఉండిపోతాయి.

మూడోది దాచుకున్నది, బంగారం, వడ్డీ లేని బంధువుల చేబదులు. చేబదులైనా కాగితం మీద రాసుకోండి. మాట పోతే చుట్టరికమూ పోతుంది.

ఈ మూడింటితో పూర్తికాకపోతే యూనివర్సిటీని మార్చాలి, దేశాన్ని మార్చాలి, లేదా ఏడాది ఆగాలి. రెండు పంక్తులు మాత్రం దాటొద్దు. నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీకి తేవద్దు. పంట రుణాన్ని ఫీజుకు మళ్లించొద్దు. మూడు లక్షల దాకా సకాలంలో కడితే 4 శాతానికి దొరికే ఏకైక డబ్బు అది. దాన్ని ఫీజు కింద పోస్తే వానాకాలం విత్తనాలకు మళ్లీ వడ్డీ వ్యాపారి గుమ్మమే.

పొలం అమ్మక తప్పని పరిస్థితి వస్తే, ఇంట్లో ఆమె మాట, చదవబోయే పిల్లల మాట, మిగతా పిల్లల మాట విన్న తర్వాతే సంతకం పెట్టండి. కొడుకు చదువుకు పొలం అమ్మి, బిడ్డ చదువు దగ్గరికి వచ్చేసరికి పెళ్లి చేసేద్దాం అంటున్న ఇళ్లు మన మధ్యే ఉన్నాయి.

వేరే దారులు

ఆగడం ఓటమి కాదు. రెండేళ్లు ఇక్కడ ఉద్యోగం చేసి, తన ఫీజులో కొంత తనే కూడబెట్టుకొని పోయిన పిల్లలు మనలో ఉన్నారు. వాళ్లకు అక్కడ ఉద్యోగం దొరకడమూ తేలికైంది. మూడు సెమిస్టర్లలో పూర్తయ్యే కోర్సులున్నాయి. ఒక సెమిస్టర్ తగ్గితే అద్దె, తిండి, బీమా అన్నీ తగ్గుతాయి.

జర్మనీ చూడండి. అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఎక్కువచోట్ల ట్యూషన్ ఫీజు లేదు. బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో మాత్రం మనలాంటి దేశాలవాళ్లకు సెమిస్టర్‌కు 1,500 యూరోలు. వీసాకు ముందు బ్లాక్డ్ అకౌంటులో 11,904 యూరోలు వేయాలి. మన డబ్బులో 12 లక్షల పైచిలుకు. అది ఫీజు కాదు. నెలకు 992 యూరోల చొప్పున పిల్లవాడి తిండికీ అద్దెకే తిరిగి చేతికొస్తుంది. రెండో ఏడుకు మళ్లీ అంత సిద్ధం చేసుకోవాలి. ఏపీఎస్ ధ్రువపత్రం కావాలి. ఉద్యోగం కావాలంటే జర్మన్ భాష రావాలి. అది ఇక్కడుండగానే మొదలుపెట్టాలి. తేలిక అని చెప్పడం లేదు. నాలుగెకరాల ఇంటికి 63 లక్షల దారి ఒక్కటే లేదని చెప్తున్నాం.

మోసాల దగ్గర జాగ్రత్త

ఖాతాలో డబ్బు లేకపోతే మేం వేసి చూపిస్తాం, కమీషన్ ఇవ్వండి అనేవాళ్లు ఉన్నారు. కన్సల్టెన్సీ ఏది చేసినా వీసా దరఖాస్తులో అబద్ధం పిల్లవాడి పేరు మీదే ఉంటుంది. బయటపడితే ఆ దేశంలో జీవితాంతం అడుగుపెట్టలేని పరిస్థితి రావచ్చు. పైగా చూపించిన ఆ డబ్బు మనది కాదు. రెండో నెల అద్దెకు అది పనికిరాదు.

2011లో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ యూనివర్సిటీ మూతపడ్డప్పుడు మన పిల్లల కాళ్లకు ఎలక్ట్రానిక్ పట్టీలు వేశారు. 2019లో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ పేరుతో అక్కడి అధికారులే పన్నిన వల బయటపడింది. పట్టుబడ్డ 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులు. తరగతులు లేని చదువు, హాజరు అక్కర్లేని కోర్సు అని ఎవరైనా అంటే అక్కడే లేచి వచ్చేయండి.

ఇంకో మాట. చెప్పడానికి కష్టమే, చెప్పక తప్పదు. అప్పు తీసుకునేటప్పుడు పిల్లల పేరు మీద అప్పుకు సరిపడా బీమా చేయించండి. దూరదేశంలో ప్రమాదం జరిగిన ఇళ్లకు మేం పోయాం. బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రుల గుమ్మంలో బ్యాంకు నోటీసు చూశాం. అది ఇంకో ఇంట్లో చూడకూడదు.

మనం అడగాల్సినవి, చేయాల్సినవి

ఇళ్లలో జాగ్రత్తపడటంతోనే ఇది తీరదు. పిల్లలు ఇంత అప్పు నెత్తిన పెట్టుకొని ఎందుకు పోతున్నారు? ఇక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో అధ్యాపక పోస్టులు ఖాళీగా ఉన్నాయి. చదివిన చదువుకు తగ్గ ఉద్యోగం లేదు. వ్యవసాయంలో మిగులు లేదని మనమే పిల్లలకు చిన్నప్పటి నుంచి చెప్తున్నాం. స్వామినాథన్ కమిషన్ చెప్పినట్టు సమగ్ర ఖర్చు మీద యాభై శాతం కలిపి ధర వస్తే, ఇందాకటి లెక్కలో తొమ్మిదిన్నర లక్షల దగ్గర మనం ఆగిపోయేవాళ్లం కాదు. కాబట్టి ఈ అంశం మద్దతు ధర అంశం పక్కనే ఉండాలి.

ప్రభుత్వాన్ని అయిదు అడుగుదాం. విద్యారుణానికి ఐటీ రిటర్న్ బదులు తహసీల్దార్ ఇచ్చే ఆదాయ ధ్రువపత్రాన్ని, పాసుపుస్తకాన్ని బ్యాంకులు ఒప్పుకోవాలి. కౌలు రైతుల, కూలీల పిల్లలకు ప్రభుత్వమే హామీ ఉండాలి. ఓవర్సీస్ స్కాలర్‌షిప్ మొదటి విడత ప్రయాణానికి ముందే ఇవ్వాలి. మైనారిటీ పిల్లల వడ్డీ భారం మోసిన ‘పఢో పరదేశ్’ పథకాన్ని 2022-23 నుంచి ఆపేశారు. కొత్తగా తెచ్చిన పీఎం విద్యాలక్ష్మి దేశంలోని సంస్థలకే పరిమితం. చిన్న, సన్నకారు రైతుల పిల్లలందరికీ వడ్డీ రాయితీ ఉండాలి. కన్సల్టెన్సీలను రిజిస్టర్ చేయాలి, యూనివర్సిటీల నుంచి వాళ్లకు వచ్చే కమీషన్ ఎంతో తల్లిదండ్రులకు రాతపూర్వకంగా చెప్పించాలి.

మనం చేయగలిగినది ఒకటి ఉంది. ప్రతి మండల ఆఫీసులో నెలకు ఒక ఆదివారం ఈ లెక్కలకు కేటాయిద్దాం. మన ఊళ్లలో రిటైరైన బ్యాంకు ఉద్యోగులు ఉన్నారు, టీచర్లు ఉన్నారు, పోయి చదివొచ్చిన పిల్లలు ఉన్నారు. వాళ్లను కూర్చోబెడదాం. పంపాలనుకున్న ఇంటివాళ్లు వచ్చి ఆ ఆరు వరుసల కాగితం రాయించుకోవాలి. తల్లి రావాలి, తండ్రి రావాలి, పోయే బిడ్డ తప్పకుండా రావాలి. తన చదువుకు నాన్న ఎన్ని ఎకరాల మిగులు పోస్తున్నాడో ఆ బిడ్డకు తెలియాలి. వాళ్ల మీద భారం మోపడానికి కాదు. తెలిస్తే వాళ్లే నాలుగు లక్షలు తక్కువయ్యే యూనివర్సిటీ వెతుక్కుంటారు. ఇది మేం చూసిందే.

ఎకరానికి ఎన్ని బస్తాల ఎరువు వేయాలో పదిమందిని అడిగి వేస్తాం. అరవై లక్షల పనికి ఒక్క కన్సల్టెన్సీ మాట విని సంతకం పెట్టొద్దు. జనవరి మొదటి ఆదివారం మండల ఆఫీసు తలుపు తెరిచి ఉంటుంది. పాసుపుస్తకం, పంట రుణం కాగితం, పిల్లల మార్కుల మెమోలు పట్టుకొని రండి. ఎవరికీ ఏమీ కట్టాల్సిన పని లేదు. పెన్నూ కాగితం మేం పెడతాం.